గిరిజనేతరుడు మా అయ్య

నేను పదో తరగతి పాసయ్యేదాకా మా ఇంట్లో ఉన్న సర్కారు కాగితాలు రెండే. ఒకటి రేషన్ కార్డు. రెండోది 2001లో మా అయ్య వేలిముద్ర వేసిన పంచనామా నకలు. సంక్రాంతి సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొస్తే అయ్య ఆ కాగితం దూలం సందులోంచి తీసి నా చేతికిచ్చాడు. ఎనిమిదో తరగతి చదివే నాకంటే పెద్ద చదువరి మా వంశంలో అప్పటికి లేడు. చదివి వినిపించాను. అయ్య పేరు, ఊరి పేరు, ఆ తర్వాత 'గిరిజనేతరుడు' అని ఉంది.

"అంటే ఏందిరా?"

"కోయోళ్ళు కానోళ్ళని."

"మరి ఆసామి?"

"ఆసామి కూడా అదే."

అయ్య కాసేపు ఆ కాగితం దిక్కే చూసిండు. "ఆసామినీ మాదిగోణ్ణీ ఒక్క గాటన కట్టింది సర్కారొక్కటే" అని నవ్విండు. అమ్మ మాత్రం నవ్వలేదు. ఆ కాగితంతో పోయింది ఎకరం చేను.

దళితుడిగా నా అనుభవం రాయమని ఈ పుస్తకం వేస్తున్న మిత్రులు అడిగారు. అవమానాల గురించి రాయొచ్చు. హాస్టల్ పురుగులన్నం గురించి, అద్దె ఇల్లు అడగబోతే కులం అడిగినవాళ్ళ గురించి రాయొచ్చు. అవన్నీ మన పుస్తకాల్లో వచ్చాయి, ఇంకా రావాలి. నేను మాత్రం ఇంకో ముచ్చట రాస్తాను. మనకు నష్టం చేసిన చట్టమే పక్కవాడికి న్యాయం చేసే చట్టమైతే అప్పుడేం చెయ్యాలె? ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రాలేదు. మా ఇంటి దూలం సందులోంచి వచ్చింది.

మాది వైరా దిక్కు. మా తాతలు జీతగాళ్ళు. 1981లో మా అయ్య తన ఆసామి వెంట గోదావరి దాటి, భద్రాచలం నుంచి చర్ల పోయే దారిలో ఒక ఊరికి పోయాడు. ఆసామి కోస్తా నుంచి మా దిక్కుకొచ్చి నాలుగు డబ్బులు చేసుకున్నవాడు. లంక భూముల్లో పొగాకు, మిర్చి బంగారంలా పండుతాయని విని, మైదానంలో ఉన్నది అమ్ముకుని అక్కడికి పోయాడు. వెంట ఎడ్లను, నాగళ్ళను, మా అయ్యను తీసుకుపోయాడు. ఏడాదికి ఇన్ని బస్తాల జొన్నలు, జత బట్టలు, జత చెప్పులు అని జీతం మాట్లాడుకున్నారు. చెప్పులు మాత్రం అయ్యే కుట్టుకునేవాడు. ఆసామివి కూడా.

అప్పటికి పదకొండేళ్ళుగా అక్కడ ఒక చట్టం ఉంది. జనం దాన్ని 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. భద్రాచలం 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూములు కొండవాళ్ళ చేతుల్లోంచి జారిపోకుండా ఒక చట్టం చేసింది. దాని స్థానంలో 1959లో ఆంధ్రప్రదేశ్ భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ ఏజెన్సీకీ వర్తింపజేశారు. దానికి 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చిన సవరణే ఈ వన్ ఆఫ్ సెవెంటీ. దీని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనుడి నుంచి గిరిజనేతరుడికి పోకూడదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉందంటే, కాదని అతను రుజువు చేసుకునేదాకా, అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందే అనుకోవాలి. ఇంత గట్టి చట్టం దేశంలో తక్కువ. దీన్ని కొట్టెయ్యమని పోతే 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

చట్టం గట్టిదే. దానికి పడ్డ తొర్రలు ఎన్నో. తెల్ల కాగితం మీద కౌలు రాసుకునేవాళ్ళు. 1970కి ముందు తేదీ వేసి పాత కాగితం పుట్టించేవాళ్ళు. ఎరువుల బాకీ కింద చేను పట్టుకునేవాళ్ళు. కోయ ఆడమనిషిని చేరదీసి ఆమె పేరు మీద సాగుచేసేవాళ్ళు. ఆమె పిల్లల్ని మాత్రం తన ఇంటి పేరుకు రానిచ్చేవాళ్ళు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఏజెన్సీ భూమిలో దాదాపు సగం గిరిజనేతరుల చేతుల్లో ఉందని సర్కారు లెక్కలే ఒప్పుకున్నాయి. ఆ సగంలో మా వాడ వాళ్ళ చేతుల్లో ఎంతుందో వేరుగా లెక్క తీసినవాళ్ళు నాకు కనపడలేదు. తీస్తే బాగుండు. మా ఊళ్ళో అయితే వేళ్ళ మీద చెప్పొచ్చు. నలభై ఎకరాలు ఆసామివి, ఎకరం మాది.

ఆ ఎకరం కూడా ఎట్లా వచ్చింది? పద్నాలుగేళ్ళ జీతం బాకీలు కలిపి చూస్తే ఇయ్యాల్సింది ఎక్కువైంది. 1995లో ఆసామి "ఆ వాగు గట్టు ఎకరం నువ్వు చేసుకో" అన్నాడు. కాగితం లేదు, ఉండే వీలూ లేదు. అది ఒక కోయ పెద్దాయన చేను. ఆయన దగ్గర ఆసామి బాకీ కింద తీసుకున్నాడు. అంటే, తనది కాని భూమితో మా అయ్య జీతం బాకీ తీర్చుకున్నాడు. మా అమ్మ ఆ ఎకరంలో రాళ్ళేరి కట్టలు పోసింది. మా చెల్లె ఆ గట్టు మీది చెట్టుకు కట్టిన ఉయ్యాలలోనే పెరిగింది.

2000 తర్వాత గూడెంలో చదువుకున్న కుర్రాళ్ళు బయల్దేరారు. చట్టం చదివారు, కేసులు వేశారు. మంచి పని. మొత్తం నలభై ఒక్క ఎకరాల మీద వేశారు. ఆసామికి వకీలు దొరికాడు, 1969 తేదీతో కాగితం దొరికింది, హైదరాబాదు నుంచి స్టే దొరికింది. మా అయ్యకు ఏమీ దొరకలేదు. వాయిదాకు పోవాలంటే కూలి పోతది, బస్సు చార్జీ అయితది. రెండు వాయిదాలకు పోయి మూడోదానికి పోలేదు. ఉత్తర్వు వచ్చింది. గొలుసు పట్టుకుని సర్వేయరు, వెంట రెవెన్యూ ఇనస్పెక్టరు వచ్చారు. మా ఊళ్ళో వన్ ఆఫ్ సెవెంటీ కింద మొట్టమొదట గిరిజనుడికి తిరిగి అప్పగించిన భూమి మా ఎకరమే. ఆ సంవత్సరం రిపోర్టులో అది విజయంగానే ఎక్కి ఉంటుంది.

అప్పుడు మిర్చి కాపు మీద ఉంది. ఒక ఏరు మాత్రమే అయింది. పంచనామాలో 'స్వాధీనం చేయడమైనది' అని రాసి సంతకాలు, వేలిముద్రలు తీసుకుని జీపెక్కి పోయారు. నిలబడ్డ పంట సంగతి అందులో ఒక్క ముక్క లేదు. జీపు పోయినాక కోయ పెద్దాయన, అయ్య గట్టు మీద కూర్చున్నారు. నేనూ ఉన్నాను. చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దాయన, "కాయ నువ్వు పెట్టింది. ఏరుకో. చివరి ఏరులో నాకింత పెట్టు" అన్నాడు. అయ్య, "సగం తీసుకో అన్నా, భూమి నీది" అన్నాడు. "సగం ఎందుకు, మందు డబ్బా నేను కొన్ననా?" అని ఆయన. చివరికి నాలుగో వంతుకు కుదిరింది. ఎవరూ సాక్షి లేరు, నేను తప్ప. మార్చి నెల దాకా అమ్మ ఏరింది. నాలుగో వంతు కల్లంలోనే కొలిచి ఇచ్చారు.

నాకు తెలిసిన న్యాయం అదే. ఆ తర్వాత డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదివినప్పుడు పంపిణీ న్యాయం, సహజ న్యాయం అని పాఠాలు వచ్చాయి. బట్టీ కొట్టి మార్కులు తెచ్చుకున్నాను. చదివేటప్పుడు ఆ గట్టే మతికొచ్చేది. ఆ పెద్దాయన మంచితనం చూపించడానికి ఇది చెప్పడం లేదు. ఆయన ఇంట్లో పెళ్ళికి మమ్మల్ని పందిరి బయటే కూర్చోబెట్టారు. వాళ్ళ బావిలో మా అమ్మ చేద వెయ్యలేదు. మాదిగ అనే మాట గూడెందాకా పోయింది, గోదావరి దాన్ని ఆపలేదు. అయినా ఆ రోజు గట్టు మీద ఎవరిది ఏదో ఇద్దరికీ తెలుసు. భూమి ఆయనది, కష్టం మాది. రెండూ ఒకచోట ఉన్నందుకు ఒకదాన్ని ఒకటి మింగాలని ఇద్దరూ అనుకోలేదు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలె. మరుసటి వానాకాలం ఆ ఎకరంలో ఆసామి ట్రాక్టరు తిరిగింది. పెద్దాయనకు భూమి వచ్చింది గానీ ఎద్దులు రాలేదు, విత్తనం రాలేదు, పాత బాకీ పోలేదు. కౌలు అన్నారు. చట్టం గెలిచింది, పెద్దాయన గెలిచాడు, ఎకరం ఆసామి చేతికే పోయింది. మా అయ్య అదే ఎకరంలో అదే ఆసామికి కూలికి పోయి మిరపనారు నాటాడు.

కొన్నాళ్ళకు గిరిజనేతరుల సభలు మొదలయ్యాయి. వన్ ఆఫ్ సెవెంటీని రద్దు చెయ్యాలని, గిరిజనేతరుల హక్కులు కాపాడాలని. ట్రాక్టర్లు మా వాడకు వచ్చేవి. సభకు వస్తే కూలి, బిర్యానీ పొట్లం. స్టేజీ మీద ఆసాములు, కింద ఎండలో మేము. మైకులో "మనం", "మన గిరిజనేతరులం" అని ఒకటే మోత. మా అయ్య రెండుసార్లు పోయాడు. మూడోసారి ట్రాక్టరు వస్తే, "వాడకు బోరింగు అడిగితే 'మీరు' అంటరు, సభకు 'మనం' అంటరు" అని మంచం దిగలేదు. మా వాళ్ళు చాలామంది పోయారు. వాళ్ళను నేను తప్పుబట్టను. ఇంటి జాగాకు పట్టా లేదు, బ్యాంకు అప్పు రాదు, పోడు చేసుకుంటే అటవీ హక్కుల చట్టంలో మనకు అడ్డుగోడ ఉంది. 2006లో వచ్చిన ఆ చట్టం గిరిజనుడైతే 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉంటే చాలంటుంది. గిరిజనేతరుడైతే అంతకు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. 1930 నాటి రుజువు మాదిగ వాడలో ఎవరి దగ్గర ఉంటది? మా చిన్నాయన దరఖాస్తు ఆ ఒక్క మాటతో పోయింది.

ఈ బాధ నిజం. అయితే దానికి ఆసామి చూపించిన మందు ఏంటి? చట్టం ఎత్తేస్తే అందరూ కొనుక్కోవచ్చని. కొనేది ఎవరు? ఏజెన్సీ తలుపులు తెరిచిన రోజు అక్కడ ఎకరం కొనే డబ్బు మా వాడలో ఎవరి దగ్గరా లేదు. మా ఇంటి గోడు చూపించి వాళ్ళ నలభై ఎకరాలకు పట్టా అడిగారు. మన దళిత సంఘాల్లో కూడా కొందరు ఆ సభల్లో మాట్లాడారు. అది నాకు ఆసామి మాటల కంటే ఎక్కువ నొప్పి.

ఒక సంగతి ఇక్కడే. 1997 జూలైలో సమత కేసులో సుప్రీంకోర్టు ఏజెన్సీలో గనుల లీజుల గురించి తీర్పు చెబుతూ, ఆ నిబంధనలో 'వ్యక్తి' అంటే సర్కారు కూడా అని చెప్పింది. గిరిజనేతరులకు భూమి కట్టబెట్టే అధికారం సర్కారుకూ లేదన్నది. ఆ లెక్కన సర్కారు కూడా గిరిజనేతరుడే. మా అయ్యకు చెబితే, "అయితే దాని పంచనామా ఎవడు రాసిండు?" అన్నాడు.

నేను కోరేది చట్టం రద్దు కాదు. వరస మార్చమని కోరుతున్నాను. ఎక్కువ ఎకరాలున్నవాడి దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలె. కేసు వేసిన పేద కోయవాడికి భూమితోపాటు విత్తనం, అప్పు ఇవ్వాలె, లేకపోతే అది మళ్ళీ కౌలుకే పోతది. అక్కడే పుట్టి పెరిగిన కూలివాడకు అమ్ముకునే హక్కు లేకుండా, ఉండే హక్కు మాత్రం ఉండేట్టు ఇంటి జాగా కాగితం ఇవ్వాలె. ఇది పెద్ద విప్లవం కాదు, జీపులో వచ్చినవాళ్ళు రాయగలిగిన సంగతే.

ఉద్యోగం దగ్గరా ఇదే పేచీ వచ్చింది. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 ప్రకారం ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. నేను పుట్టింది ఏజెన్సీలో. కోయ మాట్లాడతాను, ఆడుకున్నది ఆ పిల్లలతోనే కనుక. అయినా మా ఊరి బడిలో నాకు పోస్టు రాదు. 2017 నోటిఫికేషన్లో పరీక్ష రాసి, 2019లో మైదాన పోస్టుకు వచ్చాను. మెరిట్‌లో నాకంటే తక్కువ వచ్చిన నా డీఎడ్ క్లాస్‌మేట్ కోయ అమ్మాయికి మా ఊరికి దగ్గర బడే వచ్చింది. అప్పుడు మనసు చివుక్కుమనలేదని చెప్పను.

2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌లో, చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో అయిదుగురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచి జీవో 3ని కొట్టేసింది. వందకు వంద రిజర్వేషన్ చెల్లదన్నది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను మాత్రం తియ్యలేదు. ఆ సాయంత్రం టీచర్ల వాట్సాప్ గ్రూపులో లడ్డూల బొమ్మలు. "మనకూ దారి తెరుచుకుంది తమ్ముడూ" అని ఒక దళిత మిత్రుడు ఫోన్ చేశాడు. తీర్పు తెప్పించుకుని చదివాను. వంద శాతం వల్ల షెడ్యూల్డు కులాలకు, వెనుకబడిన కులాలకు రావాల్సిన వాటా కూడా పోయిందని అందులో రాశారు. అంటే మా పేరూ ఉంది. సభకు ట్రాక్టరు వచ్చినట్టే అనిపించింది.

వాటా పోయిన మాట అబద్ధం కాదు. దాన్ని కొట్టిపారెయ్యను. కానీ జీవో 3కి ముందు మా ఊరి బడి ఎట్లుండేదో నేను చూశాను. మైదానం నుంచి వచ్చే సారు వారానికి ఒకరోజు వచ్చేవాడు, వానాకాలం అదీ లేదు. కోయ పిల్లలకు తెలుగు రాదు, సారుకు కోయ రాదు, మధ్యలో నేను దుబాసీని. జీవో వచ్చినాక పక్క గూడెం కుర్రాడు టీచరుగా వచ్చాడు. బడి రోజూ తెరుచుకోవడం మా ఊరు మొదటిసారి చూసింది. మా చెల్లె అయిదో తరగతి దాకా చదివింది ఆయన దగ్గరే. మాదిగ పిల్ల చదువుకు గిరిజనుల జీవో పనికొచ్చింది. నా పోస్టు పోయిన లెక్కలో ఇది కూడా కలపాలె కదా? నా క్లాస్‌మేట్ ఆ రాత్రి ఫోన్ చేసి, "మీరు గెలిచినట్టా అన్నా?" అని అడిగింది. "నా పేరు పెట్టుకుని ఎవరు గెలిచారో చూద్దాం చెల్లె" అన్నాను. ఆమెకు ఆ జవాబు చాలలేదని గొంతులో తెలిసింది.

మా మాదిగోళ్ళకు ఈ సంగతి అందరికంటే బాగా అర్థం కావాలె. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా పుట్టినప్పుడు మనం అడిగింది ఏంది? ఎస్సీ అనే ఒక్క మాట కింద 59 కులాలను కుక్కి, అందరూ ఒకటే అనొద్దని. ఆ మాట లోపల ఎవరికి ఎంత అందిందో విప్పి చూడమని. ముప్పై ఏళ్ళు తిరిగాం. 2004లో చిన్నయ్య కేసులో ఓడిపోయాం. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి వర్గీకరణ చేసుకోవచ్చంది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమలైంది. 15 శాతంలో మొదటి గ్రూపుకు 1, మా గ్రూపుకు 9, మూడో గ్రూపుకు 5. మాల సోదరులకు దీని మీద నొప్పి ఉంది, ఆ వాదన వేరే. నేనంటున్నది ఒకటే. 'ఎస్సీ' అనే మాటను విప్పమని ముప్పై ఏళ్ళు అడిగినవాళ్ళం, 'గిరిజనేతరులు' అనే మాట దగ్గర మాత్రం ఆసామి పక్కన ఎట్లా నిలబడతాం? మొదటి గ్రూపులోని చిన్న కులాలు రేపు మన 9 దిక్కు చూసి ఒక మాట అడిగితే, అప్పుడు మన నోట ఏ మాట వస్తుందో కూడా చూసుకోవాలె.

నేను పనిచేసే బడి మైదానం అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉంది. ఇద్దరు టీచర్లం, ముప్పైనలుగురు పిల్లలు. అందులో నలుగురు మూడు కిలోమీటర్ల అవతల అడవిలోంచి నడిచి వస్తారు. ఇక్కడివాళ్ళు వాళ్ళను గుత్తికోయలంటారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ళు తగలబడి ఇటు వచ్చినవాళ్ళ పిల్లలు, వాళ్ళ పిల్లలు. సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది, కాలిన ఇళ్ళు మాత్రం లేవలేదు. అక్కడ వాళ్ళు ఎస్టీలు. రాష్ట్రం గీత దాటి ఇటొస్తే ఆ కులపత్రం పనిచెయ్యదు. అడ్మిషన్ రిజిస్టరులో కులం గడి దగ్గర నా పెన్ను ఆగింది. అక్కడ గిరిజనుడు, ఇక్కడ మా అయ్య లెక్క. తండ్రి చెప్పినట్టే 'కోయ' అని రాశాను. పత్రం తెమ్మని అడిగితే పిల్ల రేపట్నుంచి రాదు. పత్రం కోసం కాగితాలు పంపాను, అవి తిరుగుతున్నాయి.

మొదట్లో వంటామె ఆ నలుగురి పళ్ళేలు వేరే వరసలో పెట్టేది. "స్నానం చెయ్యరు సారూ, మిగతా పిల్లలు తినలేకపోతున్నరు" అంది. ఆమె మా మాదిగామే. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైనప్పటి నుంచీ వండుతోంది. మొదటి ఏడాది ఊరి పిల్లలు ఆమె చేతి అన్నం తినలేదు, డబ్బాలు తెచ్చుకున్నారు. వంటకు దళితులకు, గిరిజనులకు ముందు అవకాశం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ తినిపించడం కోర్టు వల్ల అవుతుందా? ఆ రోజులు గుర్తుచేశాను. "అప్పుడు సార్లు చెబితే తిన్నరా వాళ్ళు? ఆకలైతే తిన్నరు" అంది. ఉపన్యాసం అక్కడికి కట్టిపెట్టి, వరస హాజరు నంబరు ప్రకారం మార్చాను. వాడ లేదు, ఊరు లేదు, అడవి లేదు. ఆమె రెండు రోజులు ముక్కు చిట్లించింది. మూడో రోజు నుంచి పొద్దున ఏమీ తినకుండా నడిచొచ్చేది ఆ నలుగురేనని ఆమే కనిపెట్టి, వాళ్ళకు గరిట ఇంకాస్త నిండుగా ముంచుతోంది. నేను చెప్పింది సమానం. ఆమె చేసింది ఇంకొంచెం ముందుకు పోయింది.

2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక అటవీ రేంజి అధికారిని చంపారు. ఘోరం. నేరం చేసిన ఇద్దరికి 2023లో కోర్టు యావజ్జీవం వేసింది. కానీ ఆ వారం రోజుల్లోనే గుత్తికోయలందరూ వెళ్ళిపోవాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసిందని పేపర్లలో వచ్చింది. మా బడి చుట్టూ కూడా అదే మాట. "ఆ పిల్లల్ని రానియ్యకండి" అన్నవాళ్ళలో మా వాడ వాళ్ళూ ఉన్నారు. ఒక మనిషి చేసిన పనికి వాడంతా తన్నులు తినడం అంటే ఏమిటో కారంచేడు, చుండూరుల తర్వాత కూడా మనకు ఎవరో చెప్పాలా? నేను వాదన పెట్టుకోలేదు. పదిహేను రోజులు బండి మీద పోయి ఆ పిల్లల్ని రెండు ట్రిప్పుల్లో తెచ్చాను. పెట్రోలు ఖర్చుకు మా ఆవిడ తిట్టింది.

వాళ్ళతో కోయలో మాట్లాడి, తెలుగు అక్షరాలకు తెస్తాను. వాళ్ళ మాట కొంచెం వేరు, అయినా అందుకుంటారు. రోజూ అరగంట దానికే. "సారు మనోడే గానీ మన పిల్లలకంటే అడవి పిల్లలే ఎక్కువ" అని మా వాడలో పేరొచ్చింది. ఈ మాట నాకు కష్టంగానే ఉంటది. ఎందుకంటే మా వాడ పిల్లలు కూడా ఇంట్లో చెప్పేవాళ్ళు లేక నా మీదే ఆధారపడ్డవాళ్ళు. అందుకని సాయంత్రం బడి విడిచాక వాడ రచ్చబండ దగ్గర ఇంకో అరగంట కూర్చుంటున్నాను. ఒకరి అరగంట కోసి ఇంకొకరికి పెట్టడం దగ్గర నాకు దొరికిన దారి ఇదొక్కటే. నా అరగంట పోతోంది. ఎన్నాళ్ళు సాగుతుందో చెప్పలేను.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న గొడవతో ఆపుతాను. అయ్యకు డెబ్బై దాటింది. వాళ్ళిద్దరికీ ఆసుపత్రి అవసరం, మాకు పిల్లల చదువు. భద్రాచలంలో ఒక ఇంటి జాగా ఉందని తెలిసినాయన కబురు తెచ్చాడు. టౌను కూడా ఏజెన్సీ కిందికే వస్తుంది, గిరిజనేతరుడికి రిజిస్ట్రేషన్ కాదు. నోటరీ కాగితం మీద రాసిస్తారట. "అందరు ఉద్యోగస్తులూ అట్లనే కొన్నరు, నీ తోటి టీచర్లే పదిమంది" అంటాడు. ఆ జాగా మొదట ఎవరిదని అడిగాను. "ఎవరో గిరిజనులది, ఎప్పుడో చేతులు మారింది" అన్నాడు.

నేను వద్దన్నాను. మా ఆవిడ నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు, "నువ్వు కొనకపోతే ఆ జాగా కోయోళ్ళకు పోతదా? ఇంకో ఆసామికి పోతది. నీ న్యాయం వల్ల ఎవరికి ఒరిగింది?" అంది. ఆమె అడిగింది తప్పు ప్రశ్న కాదు. మా ఎకరం సంగతి ఆమెకూ తెలుసు. అయ్య పక్క మంచం మీంచి విని, "వాడు వేలిముద్ర వెయ్యాల్సిన కాగితం మళ్ళీ ఇంట్లకు తేవొద్దు బిడ్డా" అన్నాడు. "వేలిముద్ర ఎందుకు మామా, ఈయన సంతకం చేస్తడు గదా" అని ఆమె. అయ్య నవ్విండు, నేనూ నవ్వాను, ఆమె నవ్వలేదు. ఖమ్మంలో బ్యాంకు లోను మీద చిన్న జాగా దొరుకుతుందేమో చూస్తున్నాం. దాని ధర దీనికి మూడింతలుంది. ఒకటో తారీకు అద్దె కట్టాలె.